మోకులో అతుకు

హిందూపురంలో మా సందు మొగదల కట్టిన ఫ్లెక్సీ ఇంకా దించలేదు. అందులో మా పక్క షెడ్డు మేస్త్రీ బొమ్మ ఉంది. బొమ్మ వెనకాల నీళ్లు, నీళ్లలో ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన తెల్లటి పడవ. కింద ఎర్రటి అక్షరాలతో "ప్రాణాలకు తెగించి బావమరిదిని నీళ్లలోంచి కాపాడిన పెద్ద మనసుకు అశ్రునివాళి" అని అచ్చువేశారు. వచ్చేపోయేవాళ్లు ఆగి చదువుతున్నారు, తల ఊపుతున్నారు. టీ కొట్టు గంగాధర నాతోనే అన్నాడు: "నోరు చెడ్డదే గానీ మనిషి మంచోడేప్పా."

ఆ రోజు పెనుకొండ రిజర్వాయరు గట్టు మీద నేను ఉన్నాను. ఎవరు మునిగారో, ఎవరు దూకి తీశారో కళ్లారా చూశాను. అక్కడున్నది మేం ఐదుగురమే. మునిగిన మనిషి పోయాడు. పడవ యజమాని ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. పడవ నడిపిన మస్తాన్‌కు నాలుగు వాక్యాలు కూడబెట్టి రాసే ఓపిక లేదు. మేస్త్రీ బావమరిది ఓబులేశు నోరు విప్పడు. ఇక మిగిలింది నేను. పదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద బల్ల దగ్గర. ఎన్నో చరిత్ర పుస్తకాలు తిరగేసిన మీదట నాకు అర్థమైంది ఒక్కటే. జరిగింది కాదు, రాసిపెట్టింది మిగులుతుంది. ఫ్లెక్సీ కూడా రాసిపెట్టిందే. కాబట్టి దాని పక్కన ఇది కూడా ఉండాలి.

ఆయన పేరు మాత్రం రాయను. వాళ్లావిడ లక్ష్మీదేవమ్మక్క కోరింది. "జరిగినదంతా రాసుకో నాయనా, నాకేం అడ్డం లేదు. పేరు మాత్రం వద్దు. పేరు పెట్టి పిలిస్తే మల్లీ లేసొచ్చి అరుస్తాడు."

పరిగి రోడ్డులో నాది మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు. గోడ అవతల మేస్త్రీ షెడ్డు. ఆయన నీళ్ల ట్యాంకర్లు చేసేవాడు. ట్రాక్టరుకు తగిలించేవి, లారీ మీద కూర్చోబెట్టేవి, అన్నీ. మా వైపు ఎండాకాలం ఊళ్లలో తిరిగే ట్యాంకర్లలో ఆయన చేతి మీదుగా పోనివి తక్కువ. పుట్టింది ధర్మవరంలో, మగ్గం గుంట పక్కన. పట్టు పోగంటే పడదు. "కాళ్లు గుంటలో పెట్టుకోని కూసునేది బతుకా? సచ్చినాక ఎట్లాగూ గుంటే కదా" అనేవాడు.

తిరగేసిన ట్యాంకరు మూత మీద కూర్చునేవాడు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి. అతుకు వేసిన చోట దాని పిడితో తట్టి, చెవి వంచి వినేవాడు. రేకు సంగతి ఆ శబ్దంలో తెలిసిపోయేది. అదే పిడితో మనుషుల్ని కూడా తట్టేవాడు, రొమ్ము మీద. పనికోసం వచ్చిన వాణ్ణి నిలబెట్టి రెండుసార్లు తట్టి, చెవి వంచి, "డొల్ల" అనేవాడు. షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వాలి. నవ్వనివాడు తర్వాతి డొల్ల. నన్నూ ఒకసారి తట్టాడు. "ఈయప్ప డొల్ల కాదు. లోపలంతా కాయితాలే ఉండాయి. చెదలు పట్టినాయి పాపం" అన్నాడు. అప్పటి నుంచి నా పేరు గ్రంథాలయం. "ఏమప్పా గ్రంథాలయమూ, ఈ పొద్దు ఏం నమిలినావు?"

ఎవరినీ పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. ఒకడు మెల్లకన్ను, ఒకడు పెళ్లాం పోయినోడు, ఒకడు పాసుకాని బియ్యే. టీ తాగి చివరి గుక్కను ఎదుటివాడి కాళ్ల దగ్గర విసిరేవాడు. చెప్పు మీద పడకుండా, పక్కనే. అంత గురి.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. ట్యాంకరు తయారయ్యాక నిండా నీళ్లు పట్టేవారు. దాన్ని అతికినవాడు కింద వెల్లకిలా పడుకోవాలి. మేస్త్రీ పైన నడుస్తాడు, ఎగురుతాడు, సుత్తితో బాదుతాడు. కింద వాడు ఒక్క చుక్క రాలలేదని చెప్పే దాకా లేవకూడదు. ఇటుకల మీద నిలబెట్టిన ట్యాంకరు, లోపల అన్ని నీళ్లు, కింద మనిషి. "నీ పని మీద నీకే నమ్మకం లేకుంటే కొన్నోనికి యాడ ఉంటుంది? దూరు!" చుక్క రాలితే, "తాగు. నువ్వు చేసిందే కదా" అనేవాడు.

పరీక్ష అయిన నీళ్లను మాత్రం పారబోసేవాడు కాదు. సందులో ఆడవాళ్లను పిలిచి బిందెలకు పట్టేవాడు. పడుతూ ప్రతి ఒక్కరినీ ఒక మాట అనేవాడు. "ఈ బిందె కొన్న కాడి నుంచి తోమినావా?" "నీ మొగుడు నీళ్లు తాగుతాడా? నేనింకా వేరేదనుకున్న." వాళ్లు తల వంచుకుని నీళ్లు మోసుకెళ్లేవారు. ఎండలు ముదిరిన ఏడాది కొళాయి రాని రోజుల్లో మా ఇంటికి కూడా ఆ నీళ్లే దిక్కు. ఈ ఫ్లెక్సీకి చందాలు ఇచ్చిందీ ఆ బిందెల ఇళ్లే. నీళ్లు గుర్తున్నాయి వాళ్లకు. మాటలు మరిచిపోయారు, లేదా మరిచిపోయామంటున్నారు.

ఆ ట్యాంకర్ల కింద అందరికంటే ఎక్కువ పడుకున్నవాడు ఓబులేశు. లక్ష్మీదేవమ్మక్కకు సొంత తమ్ముడు. ధర్మవరంలో మగ్గం నేసేవాడు. మగ్గం ఆగిపోయి, అక్క దగ్గరికి వస్తే, బావ షెడ్డులో పెట్టుకున్నాడు. పెళ్లాం పద్మావతి, ఇద్దరు ఆడపిల్లలు ధర్మవరంలోనే. ఆమె ఒకరింట్లో కూలికి నేస్తూ ఉండేది. ఆదివారం రైల్లో వెళ్లి వచ్చేవాడు. వారమంతా బావ మాటలు పడేవాడు. పలుచటి మనిషి, వేళ్లు మాత్రం పొడుగ్గా, ఆడపిల్లవిలా ఉండేవి. "ఆ వేళ్లతో రంగోలీ పెట్టుకోపో" అనేవాడు మేస్త్రీ. ఓబులేశు ఆ వేళ్లతోనే మళ్లీ రేకు అందుకునేవాడు.

అట్లా ఉండగా పడవ వచ్చింది.

బెంగళూరు వైపు ఒక సారు గోవాలో పాత పడవ కొని, ట్రైలరు మీద తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. అది చేపల పడవ కాదు. వెనకాల పెద్ద అల లేపుతూ పోయే పడవ. ఆ అల మీద పలక వేసుకుని, తాడు వదిలేసి, నిలబడి ఆడతారట. పెనుకొండ దగ్గర కాలువ నీళ్లతో నిండిన రిజర్వాయరులో దాన్ని తిప్పి, పక్కన రిసార్టు పెట్టాలని ఆయన ఆలోచన. కాకపోతే పడవ పాతది, అల సరిగ్గా లేవడం లేదు. అందుకని వెనక భాగం అడుగున ఎడమ ఒకటి, కుడి ఒకటి, కీలు మీద కదిలే స్టీలు రేకులు బిగించాలి. ఒక్కో రేకును పైకీ కిందికీ నెట్టడానికి ఒక్కో యాక్చుయేటరు. అంటే లోపల చిన్న మోటారు, మర తిరిగితే పొడుచుకొచ్చే కడ్డీ. స్టీరింగు దగ్గర రెండు స్విచ్చులు. యాక్చుయేటర్లు, వైర్లు, సందుల్లో నీళ్లు దిగకుండా పూసే తెల్లటి సీలెంటు ట్యూబులు, వాటి మూతి కోయడానికి చిన్న కత్తి, అన్నీ ఒక పెట్టెలో సారు తెచ్చాడు. రేకులు చేసి, అన్నీ బిగించేవాడు కావాలి. మేస్త్రీ ట్యాంకర్లు చూసిన ఎవరో ఇక్కడికి పంపారు.

వైర్ల పని నాకు వచ్చింది. ఆ వారం నేను గ్రంథాలయంలో పడవల గురించి దొరికినదంతా చదివాను. నిఘంటువులో పడవ వెనక భాగాన్ని అమరం అంటారని చూసి సంబరంగా వచ్చి చెప్పాను.

"అమరమంట!" అన్నాడు మేస్త్రీ. "మాకు ఎనక అంటే ఎనకే. మనిషికైనా, పడవకైనా."

ఎడమ రేకు దించితే అల కుడివైపు నున్నగా లేస్తుందని కూడా చదివి చెప్పాను. ఆయన నమ్మలేదు. ఎడమ దించితే ఎడమే లేస్తుందని అరిచాడు. ఓబులేశు స్టీలు రేకు అంచుకు ఆకురాయి పెడుతూ, తల ఎత్తకుండా, "మగ్గం కాడ కూడా అంతే కదా బావా. ఈ కాలు తొక్కితే ఆ పక్క లేస్తాది" అన్నాడు.

మేస్త్రీ లేచి వెళ్లి సుత్తి పిడితో వాడి నెత్తి మీద తట్టి చెవి వంచాడు. "ఇంకా మగ్గం చప్పుడే వస్తాండాది."

ఆ మాట బెంగళూరు సారు విన్నాడు, ఓబులేశు చెప్పింది కూడా విన్నాడు. అక్కడే అన్నాడు: "ఈ రేకుల సంగతి తెలిసినోడు ఒకడు పడవతోపాటు పెనుకొండలోనే ఉండాల్రీ. రూము ఇస్తాను, సంసారం తెచ్చుకోవచ్చు. ఇతన్ని పంపించండి."

ఓబులేశు చేతిలో ఆకురాయి ఆగిపోయింది. పెనుకొండ అంటే హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ. పెళ్లాం, పిల్లలు ఒక గదిలో, తను అదే గదిలో. బావ లేని చోటు. ఆ క్షణం నుంచి వాడి పని చూస్తే తెలిసిపోయేది ఎంత ఆశపడ్డాడో. రేకు అంచులు అద్దంలా తీశాడు.

"ట్రయలు కానీండి సార్. సూద్దాం" అన్నాడు మేస్త్రీ. టీ చివరి గుక్క ఓబులేశు పాదాల పక్కన పడింది.

అమరానికి బోల్టుల కోసం బెజ్జాలు వేశారు. సీలెంటు పూసి బిగించి, ఆరడానికి రోజుల తరబడి వదిలేయాలని ట్యూబు మీద రాసి ఉంది. నేను చదివి వినిపించాను. "ఆ పేస్టు ఆరేదాకా నేను గోళ్లు గిల్లుకుంటా కూసోవల్లా?" అన్నాడు. ట్యాంకరు గొట్టాలకు చేసినట్టే చేయమన్నాడు. బోల్టు మరల మీద నూలు చుట్టి, సఫేదా అనే తెల్ల ముద్ద పూసి, బిగించడం.

"ఇది నీళ్లలో తిరిగేది బావా. ఆ ట్యూబే ఏస్తే..." అన్నాడు ఓబులేశు.

"రేయ్. ఇన్నేండ్లు నీళ్లను లోపల నిలబెట్టినోణ్ణి. బయట నిలబెట్టలేనా?"

ఇంత బాగా చెప్పిన మాట ఆయన నోట ఇంకోటి నేను వినలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓబులేశు నూలు చుట్టాడు. ట్యూబుల్నీ కత్తినీ మాత్రం తన సంచిలో దాచుకున్నాడు, బావ ఎప్పటికైనా ఒప్పుకుంటాడేమోనని.

తర్వాత పరీక్ష. ఈ సంగతి మా వైపు తప్ప ఇంకెక్కడా జరిగి ఉండదు. పడవ నీళ్లు లోపలికి రానిస్తుందా లేదా అని చూడటానికి మేస్త్రీ పడవ నిండా నీళ్లు పట్టించాడు. ట్యాంకరు తెచ్చి, గొట్టం పెట్టి, సీట్ల మీదికి వచ్చే దాకా. సందు సందంతా వచ్చి చూసింది. తెల్లటి పడవ, దాని లోపల నీళ్లు, బయట దుమ్ము. ఓబులేశు అమరం కింద వెల్లకిలా పడుకున్నాడు. మేస్త్రీ పైన పడవ అంచు మీద నడుస్తూ బోల్టుల మీద సుత్తితో తట్టాడు.

"ఏం రాలుతాండాది?"

"ఏం లేదు బావా."

"నోరు తెరుచుకోని చెప్పు."

వాడు నోరు తెరిచాడు. నిజంగానే ఒక్క చుక్క రాలలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ నీళ్లను కూడా బిందెలకు పట్టించాడు. పడవ నేల కింద తేలడానికని నింపిన థర్మాకోలు లాంటి నురుగు దిమ్మలు ఆ నీళ్లను ఎంత పీల్చుకున్నాయో, పడవ ఎంత బరువెక్కిందో అప్పుడు ఎవరికీ తెలియదు. చాలా రోజుల తర్వాత మస్తాన్ చెబితే నాకు తెలిసింది.

పెనుకొండకు ఉదయాన్నే వెళ్లాం. కొండ మీద ఎండ పడుతోంది. మస్తాన్ ఆ రోజే మొదటిసారి మాకు కనిపించాడు. సారు పెట్టుకున్న డ్రైవరు, నీళ్ల మీద పెరిగినవాడు. పడవను నీళ్లలోకి దించాడు. సారు ఎక్కాడు. నేను గట్టు మీదే ఉంటానన్నాను. మేస్త్రీ కూడా గట్టు మీదే నిలబడి, "ఊ, పో" అని ఓబులేశుకు సైగ చేశాడు.

ఓబులేశు కదలలేదు. అన్నేళ్లలో వాడు బావకు ఎదురు నిలవడం అదొక్కసారే చూశాను.

"మన షెడ్డులో చేపిచ్చినోడే ముందు ఎక్కల్ల కదా బావా" అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. అడిగాడు, అంతే.

ఆచారం ప్రకారం చేసినవాడు దూరాలి, చేయించినవాడు కాదు. ఓబులేశు ఒక్క మాట మార్చాడు. మేస్త్రీ అది పసిగట్టాడు. కానీ సారు పడవలోంచి, "కరెక్టే, రండి మేస్త్రీ, మీరు లేకుంటే ఎట్లా!" అని చెయ్యి ఊపాడు. మేస్త్రీకి ఈత రాదు. పడవ ఎక్కడమే అదే మొదలు. ముఖంలో రంగు పోయింది గానీ నోరు పోలేదు. మస్తాన్ లైఫ్ జాకెట్టు ఇస్తే, "ఈ నారింజ రంగు రవికె నాకేమిటికి? మా ఆడోళ్లకు ఇయ్యి" అన్నాడు. వ్యానులోంచి ట్యాంకర్లు కట్టే మోకు తెప్పించాడు. వెనక సీటులో కూర్చుని, నడుముకు రెండు చుట్లు చుట్టి, సీటు కమ్మీకి కట్టుకున్నాడు.

మస్తాన్ బెదిరిపోయాడు. "అట్ల కట్టుకోకూడదన్నా. పడవలో కట్టుకోకూడదు."

"లారీ ట్యాంకరు మీద కదిరి దాకా పోయినోణ్ణప్పా నేను. కట్టుకోకుంటే పడిపోరా? నీకేం తెలుసు, నువ్వు నడుపు."

పడవ కదిలింది. నడుమకు వెళ్లాక ఎడమ రేకు దించారు. కుడివైపు అల లేచింది, నున్నగా, పచ్చగా, మనిషి ఛాతీ ఎత్తున. అబద్ధం చెప్పను, దాన్ని చూస్తే నా కడుపు నిండింది. పుస్తకంలో చదివింది నీళ్ల మీద లేచి నిలబడింది. సారు ఈలలు వేస్తున్నాడు. ఓబులేశు నా పక్కన నిలబడి చూస్తున్నాడు. "పిల్లోళ్లకు ఈడ బడి ఉంటాది కదన్నా?" అని అడిగాడు. ఉంటుందన్నాను.

అంతలో పడవ ముక్కు పైకి లేచింది. అమరం దిగుతోంది. రేకు మీద నీళ్ల ఒత్తిడికి బోల్టులు కదిలి, ఎండిన సఫేదా పగిలి, నీళ్లు లోపలికి దూరాయని తర్వాత తెలిసింది. మస్తాన్ గట్టు వైపు తిప్పాడు. దగ్గరికి వచ్చి వేగం తగ్గించేసరికి, పడవ తనే లేపిన అల వెనక నుంచి వచ్చి అమరం మీదుగా లోపలికి పడింది. వెనక సగం కూర్చుండిపోయింది.

అక్కడ లోతు ఎంతో కాదు. సారు దూకి నిలబడితే నీళ్లు రొమ్ము దాకా. మస్తాన్ కూడా నిలబడ్డాడు. మేస్త్రీ నిలబడలేడు. సీటుకు కట్టుకుని ఉన్నాడు. నిలబడితే బతికే నీళ్లలో కూర్చుని మునిగాడు. ముందు గడ్డం, తర్వాత నోరు. మా అందరికీ తెలిసిన ఆ నోరు నీళ్ల కిందికి పోయింది. ఒక చెయ్యి మాత్రం పైన ఉండి గాలిని తడుముతోంది.

ఓబులేశు చెప్పులతో, భుజాన సంచితోనే దిగాడు. వాడికీ ఈత రాదు. తడిసి బిగుసుకున్న ముడి ఊడలేదు. సంచిలోంచి ట్యూబు మూతి కోసే కత్తి తీసి, నీళ్ల కింద తల పెట్టి, మోకు కోశాడు. చంకల్లో చేతులు వేసి బావను గట్టుకు ఈడ్చాడు. బోర్లా వేసి వీపు మీద గుద్దాడు. మేస్త్రీ కక్కాడు, దగ్గాడు, మళ్లీ కక్కాడు. ఓబులేశు ఆయన తల తొడ మీద పెట్టుకుని ముఖం తుడుస్తున్నాడు.

ఆయన కళ్లు తెరిచాడు. ఎదురుగా సారు నిలబడి ఉన్నాడు, బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి, పడవ వెనక సగం మునిగి ఉంది. "ఏన్రీ ఇది, ఏమైంది?" అన్నాడు సారు.

బావమరిది తొడ మీద తల అలాగే ఉంచి మేస్త్రీ చెప్పాడు: "బోల్టులు బిగిచ్చింది ఈడే సార్. నేను ఆ ట్యూబు ఏయమంటే యినలేదు. సంచిలో దాచిపెట్టుకున్న్యాడు, సూడండి."

సారు సంచి చూశాడు. ట్యూబులు ఉన్నాయి, మూతి కోయకుండా. నేను జరిగింది చెప్పబోయాను. "ఈయప్ప ఎవురు? వైర్లోడు" అన్నాడు మేస్త్రీ. సారు వినలేదు. ఓబులేశు ముఖం తుడవడం ఆపలేదు. పంచె చెంగు పిండి మళ్లీ తుడిచాడు. పెనుకొండ గది సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. పడవను పైకి లాగించి, ట్రైలరు మీద ఎక్కించి సారు తీసుకుపోయాడు.

వ్యాను ఎక్కుతుంటే మేస్త్రీకి తెగిన మోకు కనిపించింది. చేతిలోకి తీసుకున్నాడు.

"మంచి మోకు రా ఇది. ముడి ఇప్పేదానికి ఏమైంది?"

మర్నాటి నుంచి మొదలైంది. మేస్త్రీ మోకు ముక్కలు ఓబులేశు ముందు పడేశాడు. "పడుగు అతికే ఇంట్లో పుట్టినావు కదా. అతుకు. అతుకు నాకు తెలియకూడదు." మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పాతవాటికి మెలిపెట్టి అతుకుతారు. చీరలో ఎక్కడ అతికారో కంటికి ఆనదు. మోకును అలా అతకడం ఎవరి తరం? ఓబులేశు పేటలు విప్పి, పీచు పలుచన చేసి, ఒకదానిలో ఒకటి నేసేవాడు. సాయంత్రం మేస్త్రీ ట్యాంకరు మూత మీద కూర్చుని, కళ్లు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మోకును లాగేవాడు. ఒక చోట బొటనవేలు ఆగేది.

"ఈడ."

అక్కడ కోసేవాడు. "మల్లీ."

షెడ్డు మూసే వేళకు ఇది రోజువారీ తంతు అయింది. జనం చూడటానికి వచ్చేవారు. మోకు పొట్టిదవుతూ వచ్చింది. ఓబులేశు ఆదివారాలు ధర్మవరం వెళ్లడం కూడా తగ్గించాడు. అక్కడికి వెళ్లినా మోకు వెంట తీసుకుపోయేవాడట, పద్మావతి చెప్పింది. పిల్లలు పలకరిస్తే తల ఎత్తేవాడు కాదట.

ఒక సాయంత్రం మేస్త్రీ మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాడు. వేలు ఆగలేదు. మళ్లీ లాగాడు. ఆగలేదు. కళ్లు తెరిచి వెలుతురుకు పెట్టి చూశాడు. గోడ ఇవతల నుంచి నేను చూస్తున్నాను. ఓబులేశు ఒక అడుగు ముందుకు వేశాడు. వాడి ముఖంలో ఆ రోజు అల లేచినప్పటి వెలుగే కనిపించింది నాకు.

మేస్త్రీ మోకును ఒక చోట పట్టుకున్నాడు. "ఈడ" అన్నాడు. కోసేశాడు. "మల్లీ."

అతుకు అక్కడ లేదు. ఆ సంగతి ఓబులేశుకు తెలుసు. మేస్త్రీకి కూడా తెలుసు, ఆ కళ్లు నేను చూశాను. ఓబులేశు రెండు ముక్కలూ తీసుకుని తన మూలకు వెళ్లి కూర్చున్నాడు. అక్కడ ఉన్నవాళ్లలో ఒకడు నవ్వాడు, అలవాటుగా.

ఆయన పోయింది మొన్న, ట్యాంకరు మూత మీదే, టీ గ్లాసు చేతిలో ఉండగా. చివరి గుక్క ఎవరి కాళ్ల దగ్గరా పడలేదు. ఆయన చొక్కా మీదే పడింది.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం. పడవ పుస్తకం కోసం పాత బీరువా తాళం వెతికించి మరీ తెరిపించిన శాఖా గ్రంథాలయం రమాదేవి మేడమ్‌కు. ఆ రోజు నీళ్లలో ఏం జరిగిందో, నురుగు దిమ్మల సంగతేమిటో ఫోనులో విడమరిచి చెప్పిన మస్తాన్‌కు. ఫ్లెక్సీ మీది మాట మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పిన గంగాధరకు. (మేస్త్రీయే. నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ తనే బావమరిదిని తీశానని చెప్పి చెప్పి పెట్టాడట.) పేరు రాయకుంటే చాలు, ఇంకేదైనా రాసుకొమ్మన్న లక్ష్మీదేవమ్మక్కకు. ఆదివారాల సంగతి చెప్పిన పద్మావతికి.

ఇక ఓబులేశుకు. నాకు వాడు ఏమీ చెప్పలేదు. అడిగితే, "ఏం రాస్తావులే అన్నా" అన్నాడు. కానీ ఆ ఉదయం శవాన్ని కడిగాక, మా వైపు పద్ధతి ప్రకారం చేతి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలని పెద్దవాళ్లు దారం అడిగితే, వాడు జేబులోంచి ఒక మోకు పేట తీశాడు. ఎవరికీ తేడా తెలియలేదు, నాకు తప్ప. రెండు బొటనవేళ్లనూ దగ్గరికి చేర్చి చుట్టాడు. ముడి వేయలేదు. కొసల పీచు విప్పి, తడి చేసి, ఒకదానిలోకి ఒకటి మెలిపెట్టాడు. చెయ్యి తీశాక చూస్తే దారానికి మొదలూ లేదు, చివరా లేదు. తల వైపు పట్టుకుని నేను వంగి ఉన్నాను కాబట్టి విన్నాను. కడసారి మాట చెప్పేవాడిలా బావ చెవి దగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు:

"యాడుందో ఇప్పుడు చెప్పు బావా."